ఏనుగూ హంసా, ఎడమ కాలూ

ఫిబ్రవరి 9

చెల్లాయీ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ కార్డు వచ్చి పదకొండు రోజులయింది. అందులో నా చిరునామా నాలుగు వరసలు, నీ ప్రశ్న ఒకటిన్నర వరస. "పాత ట్రాక్టరు ఇక లేవదు. కొత్తది ఏనుగు బొమ్మది కొననా, హంస బొమ్మది కొననా?" అంతే. బాగున్నావా అని లేదు. అసలున్నావా అని కూడా లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ట్రాక్టర్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి ఒక్క కార్డుముక్కలో ఆ మాట అడగడం, వంటవాణ్ణి నిలబెట్టి "ఉప్పా, కారమా, తొందరగా చెప్పు" అన్నట్టుంది.

అయినా రాస్తున్నాను. కారణం నీ మీద ప్రేమ అనుకునేవు, కాదు. కింద టైర్ల షాపులో గాలి కొట్టే మిషను పాడైంది. నా చెవులు మూతపడ్డాక ఆ మిషను నాకు అరికాళ్ళతోనే వినిపించేది. మూడు రోజులుగా నేల ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికో తెలియడం లేదు. నిన్న రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి ఏ బస్సూ ఎక్కకుండా తిరిగొచ్చాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో మనుషుల మాట నాకు సీసాలో పడ్డ ఈగలా ఉంటుంది. అందుకని కాగితం.

సరే, నీ ప్రశ్న. ఏనుగు బరువైన బండి. ఇనుము దండిగా పోస్తారు. మన కాలపు మనిషి లాంటిది, మాట తక్కువ, పని ఎక్కువ. హంస కొత్త కంపెనీ. నాజూకు. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందట. ముందుకీ వెనక్కీ మార్చడానికి క్లచ్చు తొక్కక్కర్లేదట, ఎడమ చేతి కింద ఒక మీట ఉంటుందట. తొక్కకుండా నడిచేదాన్ని నేను బండి అనను, ఊయల అంటాను. మూడోది ఒకటుంది, చుక్క గుర్తుది. దాని గురించి అడగలేదు కాబట్టి నీకు ఇంకా మతి పోలేదని సంతోషించాను.

కానీ తొందరపడి చెప్పను. నీ తోట వెనక ఎత్తు ఎంత ఉంది, వరసల మధ్య ఎడం ఎంత, ఏమేం పనులున్నాయి, రాయి. డ్రైవరు ఎవరని మాత్రం అడగను. నా జన్మలో ఎవరినీ అడగలేదు. మనుషులు తమ గురించి అబద్ధం చెబుతారు, క్లచ్చు ప్లేటు చెప్పదు. ఇంజనుకీ గేర్లకీ మధ్య ఉండే గుండ్రటి పళ్ళెం అది. పెడలు తొక్కితే విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. డ్రైవరు జాతకమంతా దాని మీదే రాసుంటుంది. పాత బండి విప్పించి ఆ ప్లేటూ, దాని వెనక ఉండే రిలీజు బేరింగూ అట్టపెట్టెలో పెట్టి బస్సు పార్సిల్లో పంపు. చూసి చెబుతాను.

నీకు ట్రాక్టర్లంటే భయం కదా, విప్పేటప్పుడు దగ్గర నిలబడకు. పదమూడేళ్ళప్పుడు నాన్న కొన్న పాత బండి సీటెక్కి, అది ఒక్క ఊపు ఊపగానే ఏడుస్తూ దిగిపోయావు, గుర్తుందా? మోకాలు ఆపరేషను తరవాత, కుడిదో ఎడమదో, ఎలా నడుస్తున్నావు?

కింద మిషను బాగయ్యేలోపు జవాబు రాస్తే శ్రద్ధగా చదువుతాను.

అన్నయ్య


ఫిబ్రవరి 17

అన్నయ్యకి,

బాగున్నావా? అసలున్నావా? రెండూ అడిగాను, ఇక సాధించకు.

తోట అయిదెకరాలే, పెరగలేదు. వరసకీ వరసకీ మధ్య రెండు మంచాలు అడ్డంగా వేసేంత ఎడం. కింద చదును. వెనక ముక్క, పై చెక్క, ఎత్తు మీద ఉంది, ఖాళీ బకెట్టుతో ఎక్కినా ఆయాసం వస్తుంది. పనులు నీకు తెలిసినవే. చెట్ల మధ్య గడ్డి కొయ్యాలి, వెనక ట్యాంకు కట్టి మందు కొట్టాలి, పశువుల పాక నుంచి ఎరువు తోలాలి.

అసలు సంగతి కార్డు మీద పట్టలేదు. పక్క తోటాయన నా తోట పదేళ్ళకి కౌలుకి అడుగుతున్నాడు. చెడ్డవాడు కాదు. చెట్లని బాగానే చూస్తాడు. కాగితం మా అల్లుడే రాసిపెట్టాడు. మందుల షాపులో చీటీలు చదివి చదివి అతని రాత కూడా డాక్టర్ల రాతలాగే తయారైంది. నా సంతకం చోటు మాత్రం స్కేలు పెట్టి మరీ గీత గీశాడు. "ఇన్నాళ్ళు చేశారు, చాలత్తయ్యా. మా ఇంట్లో కూర్చోండి" అంటాడు. అమ్మాయి కూడా అదే పాట. కూర్చోవడం నాకు చేతకాదని ఇద్దరికీ అర్థం కాదు. పదేళ్ళు పోతే నాకు డెబ్బై ఒకటి. అప్పుడు తోట తిరిగొచ్చి ఏం చేసుకోను, ఫోటో తీయించుకోనా?

చివరికి ఒక మాట మీదకి వచ్చాం. మార్చి ముప్ఫై ఒకటి లోపల కింద చెక్కా పై చెక్కా గడ్డి కోసి మందు కొట్టడం పూర్తయితే కౌలు మాట ఎత్తరు. కాకపోతే సంతకం పెడతాను. మాటిచ్చాను.

మన పొట్టి డ్రైవరు రెండేళ్ళ కిందటే లారీల మీదకి వెళ్ళిపోయాడు. ఇప్పుడున్న డ్రైవరుకి పని తెలుసు, చెట్టు చెట్టూ తెలుసు. ఎడమ కాలు పూర్తిగా చాచి తొక్కడం ఒక్కటే కష్టం. వెనక గేరు వేస్తే ఒక్కోసారి పళ్ళు కొరికిన చప్పుడు వస్తుంది. అందుకే ఏనుగా హంసా అని అడిగాను. పెట్టె ఈ ఉత్తరంతోనే బస్సులో వేస్తున్నాను.

నా మోకాలు నడుస్తోంది. ఇంకొక్క మాట. నాన్న బండి మీంచి నేను ఏడుస్తూ దిగలేదు. నువ్వు దింపావు. దింపాక ఏడ్చాను.

చెల్లెలు


ఫిబ్రవరి 26

చెల్లాయీ,

పెట్టె అందింది. కండక్టరు దాన్ని సీటు కింద తోసి దాని మీద ఎవరివో టమాటాలు పెట్టాడు. ప్లేటు కడగాల్సి వచ్చింది.

కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టుకుని గంటసేపు చూశాను. చెప్పనా? ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు, అయినా చెబుతాను. ఈ డ్రైవరు పిరికివాడు. ప్లేటు రెండు పక్కలా నల్లగా మాడి, అద్దంలా నున్నబడింది. అంటే వాడు కాలు ఎప్పుడూ పెడలు మీద ఆనించే కూర్చుంటాడు. పూర్తిగా తొక్కడు, పూర్తిగా వదలడు. ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో. ఇలాంటివాడికి బండంటే భయమన్నా ఉండాలి, పనంటే బద్ధకమన్నా ఉండాలి. నా లెక్కలో రెండూ ఉన్నాయి. పైగా కాలు నొప్పని నీకు కథ చెప్పాడు, నువ్వు నమ్మావు.

ఒకసారి పాల వ్యాను ప్లేటు నా దగ్గరికి వచ్చింది. ఒక్క పక్కే అరిగింది. చూసి ఆ డ్రైవరుతో, "నాయనా, నీకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు, ఎందుకు చేస్తున్నావు?" అన్నాను. వాడు నా వంక అలా చూసి, తాళాలు నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు. పాలన్నీ నా షెడ్డు ముందు విరిగిపోయాయి. యజమాని నన్ను కొట్టడానికి వచ్చాడు. తరవాత ఆ డ్రైవరు ఎక్కడో బట్టల కొట్టు పెట్టి బాగుపడ్డాడని విన్నాను. ఎందుకు చెబుతున్నానంటే, ప్లేటు అబద్ధం చెప్పదు, మనుషులే వినరు.

కాబట్టి నా సలహా. ట్రాక్టరు మార్చడం కన్నా డ్రైవరుని మార్చడం తేలిక. కాళ్ళున్నవాణ్ణి పెట్టుకుని ఏనుగు కొను. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అని ఊరికే అనలేదు. పై చెక్క అంత ఎత్తు మీద ఉందంటున్నావు. ట్యాంకు నిండా మందు కట్టుకుని హంస లాంటి తేలిక బండి ఎత్తెక్కితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. నేను అలా లేచినవి నాలుగు చూశాను. రెండింటిలో మనిషి బతికాడు.

గాలి మిషను బాగయింది కానీ ఇప్పుడు దాని అదురు వేరేగా ఉంది. ఏదో నట్టు వదులు. చెబితే టైర్ల షాపువాడు "పెద్దాయనా, మీరు పైకెళ్ళి పడుకోండి" అంటాడు. పడుకోవడానికా నేను పుట్టింది?

డ్రైవరుని మార్చగానే రాయి.

అన్నయ్య


మార్చి 3

అన్నయ్యకి,

డ్రైవరుని మార్చడం కుదరదు.

నిన్న అల్లుడిని తీసుకుని రెండు షోరూములకీ వెళ్ళాను. ఏనుగు షోరూములో అమ్మే మనిషి నన్ను అసలు చూడనే లేదు. మొత్తం అల్లుడికే చెప్పాడు.

"సార్, నలభై అయిదు హార్స్ పవర్ సార్. వెనక లిఫ్టు పదహారు వందల కిలోలు ఎత్తుతుంది సార్."

"మైలేజీ ఎంత ఇస్తుంది?" అన్నాడు అల్లుడు.

"ట్రాక్టరుకి గంటల్లో చెబుతాం సార్."

"అదే, గంటకి ఎన్ని కిలోమీటర్లు?"

ఆ మనిషి నా వైపు తిరిగి, "అమ్మా, మీరు ఫ్యాను కింద కూర్చోండి, టీ చెబుతాను" అన్నాడు. టీ తాగాను. బాగుంది.

హంస షోరూములో ఒక్కామే ఉంది. లెక్కలూ ఆమే, అమ్మకమూ ఆమే. "ఎవరు నడుపుతారు?" అని ముందు అదే అడిగింది. తాళం ఇచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను. కుడి కాలు బ్రేకు దగ్గర, ఎడమ కాలు ఊరికే కింద. మీట ముందుకి తోస్తే ముందుకి వెళ్ళింది, లాగితే వెనక్కి వెళ్ళింది. పొద్దున స్టార్టు చేసేటప్పుడూ, గేరు మార్చేటప్పుడూ తప్ప క్లచ్చుతో పనే లేదు, అదీ చేత్తో నొక్కినా దిగుతుంది. షోరూము ముందు నాలుగు చుట్లు తిప్పాను. అల్లుడు పక్కనే పరిగెత్తుతూ "అత్తయ్యా, నెమ్మది" అంటున్నాడు. నేను నడిచే వేగమే అది. ఆమె ఒక బండి నా కోసం పక్కన పెడతానంది.

నాకు హంస నచ్చింది. పై చెక్క ఎత్తు గురించి నువ్వన్నది భయంగానే ఉంది, దానికి ఏం చెయ్యాలో చెప్పు. మిగతాది వద్దు. కథలు తరవాత. గడ్డి అప్పుడే పిక్కల దాకా వచ్చింది.

చెల్లెలు


మార్చి 9

చెల్లాయీ,

నువ్వు ట్రాక్టరెక్కి నాలుగు చుట్లు సరదా తీర్చుకున్నందుకు సంతోషం. ఇన్నేళ్ళకి భయం పోయిందన్నమాట.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "డ్రైవరుని మార్చడం కుదరదు" అన్న దగ్గర ఆగిపోయాను. గదిలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాను. తిరుగుతూ ఉండగా వెలిగింది. మార్చడం కుదరని డ్రైవరు లోకంలో ఎవడుంటాడు? ఇల్లు మార్చొచ్చు, ఊరు మార్చొచ్చు, అల్లుణ్ణి మార్చలేం. నీ డ్రైవరు అల్లుడే! చెప్పడానికి సిగ్గుపడ్డావు. రోజంతా మందుల బల్ల వెనక నిలబడేవాడికి కాలు బిగుసుకుపోక ఏమవుతుంది? పిరికివాడన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. పాపం, షాపూ చూసుకుని, నీ తోటా దున్ని, పైగా కౌలు కాగితం కూడా రాశాడంటే, వాడికి ఈ పని వదిలించుకోవాలని ఎంతుందో ఇప్పుడర్థమైంది.

అయితే విను. మగవాడి కాలు తొక్కుతూ ఉంటేనే బాగుపడుతుంది. ఊయల ఎక్కిస్తే ఉన్న బలమూ పోతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటావని తెలుసు. అయినా నీ రోజులు అయిపోతున్నాయి, నువ్వు నానుస్తున్నావు, నాకు కాలు నిలవడం లేదు. అందుకని ఒక పని చేశాను. ఏనుగు షోరూము మేనేజరు నా శిష్యుడే. పదేళ్ళు నా దగ్గర స్పానర్లు కడిగాడు. వాడికి రాశాను: నా మాట మీద, మా చెల్లెలి తోటకి ఒక ఏనుగు పంపరా, నచ్చకపోతే నాదే పూచీ అని. నచ్చకపోవడం ఉండదు.

రుణపడి ఉంటానని రాయక్కర్లేదు.

అన్నయ్య


మార్చి 18

అన్నయ్యకి,

నిన్న పొద్దున లారీ వచ్చింది. దాని మీద నీ ఏనుగు. లారీ డ్రైవరు ఒక కాగితం చాచాడు.

"సంతకం పెట్టమ్మా, దించేస్తాను."

"ఎవరు పంపారు?"

"మా మేనేజరుగారి గురువుగారంట."

"అయితే గురువుగారింటికే తీసుకెళ్ళి దించు. మేడ మీద గది, కింద టైర్ల షాపు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అయినా నీ మాట తీసెయ్యలేక లారీ మీదకెక్కి, ఆ సీటులో కూర్చుని పెడలు తొక్కి చూశాను. సగం దాకా దిగింది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. ముప్పావు. దిగేటప్పుడు లారీ డ్రైవరే చెయ్యందించాల్సి వచ్చింది. పక్క తోటాయన గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు.

డ్రైవరు నేనే, అన్నయ్యా. అల్లుడికి ట్రాక్టరుకీ ట్రాలీకీ తేడా తెలియదు. రెండేళ్ళుగా తోట అంతా నేనే నడిపాను. ఆపరేషను ఎడమ మోకాలికి. ముందు నుంచీ నీకు చెప్పకపోవడం నా తప్పే. చెబితే నవ్వుతావనుకున్నాను, లేదా దించేస్తావనుకున్నాను. డ్రైవరు అని రాస్తే బండి గురించి మాత్రమే చెబుతావనుకున్నాను. నువ్వు డ్రైవరు గురించే చెప్పావు. పిరికివాడు, బద్ధకస్తుడు అని. ఆ ప్లేటు నాది.

ఇంకో సంగతి. నా తోటకి ఏనుగు లారీ వచ్చిందని ఊరంతా పాకి హంస షోరూము దాకా వెళ్ళింది. ఆమె నేను మాట మార్చాననుకుని నాకని పెట్టిన బండి వేరేవాళ్ళకి ఇచ్చేసింది. ఇంకోటి ఇరవై మూడుకి తెప్పిస్తానంటోంది. నాకు మిగిలేవి ఎనిమిది రోజులు. గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. బాగులేని మోకాలికీ, బాగున్నదానికీ.

నువ్వు ఇంకెవరికీ ఉత్తరాలు రాయకు.

చెల్లెలు


మార్చి 18

చెల్లాయీ,

నువ్వు ఏం రాయబోతున్నావో, రాశావో నాకు తెలియదు. ఇది అంతకు ముందే నీకు చేరాలి.

ఇవాళ పొద్దున ఆ అట్టపెట్టె పారేద్దామని తీశాను. ప్లేటు ఒకటే చూశాను ఇన్నాళ్ళూ. అడుగున గుడ్డపేలికలో బేరింగు అలాగే ఉంది. పెడలు తొక్కినప్పుడల్లా తిరిగేది అదే. కాలు పెడలు మీద ఆనించి కూర్చునేవాడి బేరింగు అరిగి, ఎండిపోయి, గలగలలాడుతుంది. ఇది వేళ్ళ మధ్య తిప్పితే కొత్తదానిలా తిరిగింది. అంటే ఆ కాలు పెడలు మీద ఎన్నడూ పడుకోలేదు. తొక్కాల్సి వచ్చినప్పుడే తొక్కింది. తొక్కింది కానీ అడుగు దాకా వెళ్ళలేదు. వెళ్ళలేక మధ్యలో ఆగింది. అందుకే ప్లేటు విడీ విడకుండా మాడింది. అందుకే వెనక గేరులో పళ్ళు కొరికాయి. అది భయం కాదు, బద్ధకం కాదు. నొప్పి. రెండేళ్ళ నొప్పి, ప్రతి వరస చివరా, ప్రతి మలుపులో.

నున్నబడ్డ చోట మళ్ళీ చూశాను. ఎక్కడా ఒక్కసారిగా వదిలేసిన గీత లేదు. అంత నొప్పిలో కూడా ప్రతిసారీ నెమ్మదిగా, చెట్టుకి తగలకుండా వదిలిన కాలు. అలా వదిలే డ్రైవరుని నేను ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇద్దరినో ముగ్గురినో చూశాను. మందుల షాపాయన కాలు కాదిది.

ఆపరేషను ఏ మోకాలికి?

శిష్యుడికి ఏనుగు ఆపమని కార్డు రాశాను. అది చేరేలోపు లారీ బయల్దేరి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది. పొద్దుటి నుంచి ఎక్కడా కూర్చోలేదు. ఇది కూడా కిటికీ గట్టు మీద పెట్టి నిలబడే రాస్తున్నాను.

అన్నయ్య


మార్చి 24

అన్నయ్యకి,

నీ ఉత్తరమూ నాదీ దారిలో ఎదురుపడినట్టున్నాయి. నాది చదివి ఉంటావు. ఏ మోకాలో తెలిసే ఉంటుంది. నీది నేను రెండుసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడేమీ రాయను, తీరిక లేదు.

నిన్న హంస వచ్చింది. కింద చెక్క గడ్డి ఒక్క రోజులో కోశాను. మలుపు దగ్గర దిగులు లేదు, మీట లాగితే చాలు. ఇవాళ ట్యాంకు నిండా మందు కట్టి పై చెక్కకి బయల్దేరాను. ఎత్తు సగం ఎక్కేసరికి స్టీరింగు చేతిలో తేలికైపోయింది. చూస్తే ముందు చక్రాలు నేల మీద లేవు. జానెడు లేచాయి. ఆపేశాను. అవి కిందపడ్డాయి. అలాగే వెనక్కి దిగి వచ్చి పాకలో పెట్టి, గంటసేపు బండి మెట్టు మీద కూర్చున్నాను.

అమ్మాయికి చెప్పలేదు. అల్లుడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చూశాడు. కౌలు కాగితం తెచ్చి గూట్లో పెట్టి వెళ్ళాడు. అతను కోపంతో చెయ్యలేదు, ముఖం తెల్లగా అయిపోయింది.

ఎత్తు గురించి నువ్వన్నదే నిజమైంది. ఇంకా వారం ఉంది. పై చెక్క కాకపోతే మాట ప్రకారం సంతకం పెట్టాలి. ఏం చెయ్యాలో చెప్పు. కండక్టరు చేతికిస్తున్నాను, రేపటికి అందుతుంది.

చెల్లెలు


మార్చి 26

చెల్లాయీ,

బస్సు పదింటికి. గబగబా రాస్తున్నాను.

కండక్టరు ఆరు ఇనుప బరువులు దింపుతాడు. ఒక్కోటి పాతిక కిలోలు. అతను సణుగుతాడు, సణగనీ. అవి బండి మూతి దగ్గర తగిలించేవి. శిష్యుడి దగ్గర తెచ్చాను, ఏనుగు కంపెనీవి. హంస మూతికి పట్టవు, అందుకని నిన్నంతా వెల్డింగు షాపులో కూర్చుని కొక్కేలు కోసి మళ్ళీ అతికించాను. వెల్డింగు అద్దం కంటికి పెట్టుకుని పదకొండేళ్ళయింది. షాపువాడు ఇది మీ వల్ల కాదన్నాడు. అతుకు చూపిస్తే తన కుర్రాళ్ళని పిలిచి చూపించాడు. ఆరూ ఒకదాని పక్కన ఒకటి వెయ్యి, చివర బోల్టు బిగించు.

ట్యాంకు సగమే నింపు, రెండు విడతలు వెళ్ళు. ఎత్తు మీదకి ముందుకి వెళ్ళకు. బండి తిప్పి వెనక్కి ఎక్కు, దిగేటప్పుడు ముందుకి దిగు. బరువు ఎప్పుడూ ఎత్తు వైపు ఉండాలి. క్లచ్చు బండితో నిన్ను అలా ఎక్కమని చెప్పేవాణ్ణి కాదు. నీ బండికి మీట ఉంది కాబట్టి చెబుతున్నాను. తల మీద ఇనుప చట్రం తీయించకు, బండి బోల్తాపడితే కాపాడేది అదే, కొమ్మలు తగులుతున్నాయని ఎవరన్నా చెప్పినా సరే. బెల్టు పెట్టుకో. తడి గడ్డి మీద ఎక్కకు. ముందు చక్రం తేలికైతే మొన్న చేసిన పనే చెయ్యి, ఆపు. సరిగ్గానే చేశావు.

బరువులతో పాటు నేనూ వద్దామని చొక్కా వేసుకున్నాను. బస్టాండు దాకా వచ్చి ఈ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాను. వస్తే ఎత్తు దగ్గర ఆ సీటులో నేనే కూర్చుంటాను. నా సంగతి నాకు తెలుసు. నాన్న బండి మీంచి నిన్ను ఎవరు దింపారో కూడా నాకు తెలుసు. నువ్వు చెప్పక ముందు కూడా తెలుసు.

బస్సు వచ్చింది.

అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యకి,

బరువులు ఆరూ వచ్చాయి. కండక్టరు సణిగాడు. పాక దగ్గరికి అల్లుడు ఒక్కోటీ రెండు చేతులతో మోసుకొచ్చాడు. మోసేటప్పుడు "అత్తయ్యా, ఇవి బండి ముందు పెడితే బండి ముందుకి పడదా?" అని అడిగాడు. పడదని చెప్పాను. ఎందుకో చెప్పలేదు, నువ్వు చెప్పు, ఉత్తరం రాయి. ఒక్క అతనికి రాయొచ్చు.

ఇరవై ఏడున సగం ట్యాంకుతో వెనక్కి ఎక్కాను. చక్రాలు లేవలేదు. రెండు విడతలు అనుకున్నది నాలుగయ్యాయి. ఇరవై ఎనిమిది వాన. ఇరవై తొమ్మిది గడ్డి తడి, ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, కూర్చోలేదు, తిరిగాను. ముప్ఫైకి రెండు చెక్కల్లోనూ మందు కొట్టడం అయిపోయింది. ముప్ఫై ఒకటి మధ్యాహ్నానికి పై చెక్కలో గడ్డి ఇంకా పదకొండు వరసలు మిగిలింది.

సాయంత్రం పక్క తోటాయన వచ్చాడు. నేను వరసలో ఉన్నాను. ఆయన గట్టు మీద నిలబడ్డాడు, అల్లుడు ఆయన పక్కన. వరస చివర మీట లాగి తిరిగినప్పుడల్లా ఇద్దరూ కనిపించారు. చీకటి పడే వేళకి ఆఖరి వరస అయింది. దిగి, గూట్లో కాగితం తెచ్చి ఆయన చేతికిచ్చాను, సంతకం లేకుండా. ఆయన మడిచి జేబులో పెట్టుకుని, ఆ బండి ఎక్కడ కొన్నారని అడిగాడు. షోరూము ఆమె పేరు చెప్పాను.

మోకాలు వాచింది, వేడినీళ్ళ గుడ్డ పెడుతున్నాను. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇవాళ ఫోను చేసింది.

ఇవాళ పాక దగ్గరి ఎరువు పై చెక్కకి తోలుతుంటే ఎత్తు దాటాక బండి ఆగిపోయింది. డీజిలు చూసుకోలేదు. డబ్బా పట్టుకుని కిందికి నడిచి, నింపుకుని మళ్ళీ ఎక్కాను. పోశాక కూడా లేవలేదు. ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, చేతిపంపు కొట్టి, డీజిలు గొట్టంలో పట్టిన గాలి తీశాను. మూడోసారికి స్టార్టయింది. మిగిలిన ఎరువు తోలేసి బండి పాకలో పెట్టాను.

చెల్లెలు